ధాన్యం ఓడల్లో వచ్చిన చావు: 1347 నాటి ప్లేగు నిజంగా ఎలా పాకింది?

ప్రశ్న ఇది: "1347లో మొదలైన ప్లేగు నాలుగైదేళ్ళలో యూరప్ జనాభాలో సగాన్ని మింగేసిందంటారు. రైళ్ళు, విమానాలు లేని రోజుల్లో అంత వేగంగా ఎలా పాకింది? కఫా కోటలోకి మంగోలులు శవాలు విసరడం వల్లే మొదలైందన్నది నిజమేనా? మన దేశానికి ఎందుకు రాలేదు?"

ముందు నా గురించి ఒక ముక్క. ప్రజారోగ్య శాఖలో కీటకాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఎలుకల్ని పట్టించడం, వాటి ఒంటి మీది పురుగుల్ని లెక్కబెట్టడం నా ఉద్యోగంలో భాగం. చరిత్ర నేను చదువుకున్న సబ్జెక్టు కాదు, తర్వాత పట్టుకున్న పిచ్చి. అయితే ఈ ప్లేగు కథలో చాలా చిక్కుముడులు పురుగు సంగతి తెలిస్తే తప్ప విడవు. అందుకే రాస్తున్నాను.

అసలు "అంత వేగంగా" అన్న మాట దగ్గరే ఆగాలి. నేల మీద ఆ ప్లేగు చాలా నెమ్మదిగా నడిచింది. ఊళ్ళలో చావులు మొదలైన తేదీలను పక్కపక్కన పెట్టి చరిత్రకారులు కట్టిన లెక్క ప్రకారం, చాలాచోట్ల రోజుకు ఒకటి రెండు కిలోమీటర్లు. ఎడ్లబండి కూడా అంతకన్నా ఎన్నో రెట్లు ముందుంటుంది. సముద్రం మీద మాత్రం రోజుకు సగటున 40 కిలోమీటర్ల దాకా పోయింది. కాబట్టి తీరంలో ఉన్న రేవులు ఒకదాని తర్వాత ఒకటి టకటకా అంటుకున్నాయి. ఒక్కో రేవు నుంచి లోపలి ఊళ్ళకు మాత్రం నెలల తరబడి పాకుతూ వెళ్ళింది. మ్యాపు మీద చూస్తే తుఫానులా కనిపించేది నిజానికి ఒకేసారి పాతిక చోట్ల మొదలైన నెమ్మది నడక. ఒకేసారి పాతిక చోట్లకు దాన్ని మోసుకెళ్ళింది ఎవరు అన్నదే అసలు ప్రశ్న. దానికి నా సమాధానం ధాన్యం. అంటే గోధుమలు, బార్లీ నింపుకున్న ఓడలు.

ఎందుకు ధాన్యమో అర్థం కావాలంటే ముందు క్రిమి పని చేసే తీరు చూడాలి. ప్లేగు క్రిమి పేరు యెర్సీనియా పెస్టిస్. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ దాన్ని గుర్తించాడు. నాలుగేళ్ళ తర్వాత కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు ఇది ఎలుక నుంచి ఎలుకకు ఫ్లీ ద్వారా వెళ్తుందని చూపించాడు. ఫ్లీ అంటే ఎలుక వెంట్రుకల్లో బతికే రెక్కల్లేని చిన్న పురుగు. రెండు పక్కలా నొక్కినట్టు పలచగా ఉంటుంది, రక్తం తాగుతుంది, పట్టుకోబోతే గెంతుతుంది. మా శాఖలో అందరం ఫ్లీ అనే అనేవాళ్ళం, ఇక్కడా అదే వాడతాను.

బోనులో పడ్డ ఎలుకను గుడ్డ సంచిలోకి దింపి, క్లోరోఫాం దూది వేసి మూతి కట్టేస్తాం. కదలిక ఆగాక తెల్ల ఎనామిల్ ట్రేలో పడుకోబెట్టి వెంట్రుకలకు ఎదురుగా బ్రష్‌తో దువ్వుతాం. గోధుమ రంగు ఫ్లీలు ట్రేలోకి రాలతాయి. వాటిని రకాల వారీగా విడదీసి, ఎలుకకు సగటున ఎన్నో రాసుకుంటాం. జెనాప్సిల్లా చియోపిస్ అనే రకం సగటు ఒకటి దాటితే ఆ పేట మీద కన్నేసి ఉంచాలన్నది పాతకాలం నుంచి వస్తున్న లెక్క. మైక్రోస్కోపు కింద పెడితే ఈ పురుగు కడుపుకు ముందు ముళ్ళు ముళ్ళుగా ఒక కవాటం కనిపిస్తుంది. ప్లేగు కథంతా అక్కడే నడుస్తుంది.

జబ్బు ఎలుక రక్తం తాగిన ఫ్లీలో క్రిములు ఆ ముళ్ళకు పట్టుకుని పెరుగుతాయి. కొన్నాళ్ళకు రక్తంతో కలిసి జిగురుముద్దగా మారి దారి మూసేస్తాయి. వంటింటి సింకు గొట్టంలో మెతుకులు ఇరుక్కుంటే పోసిన నీళ్ళు వెనక్కి తన్నినట్టే, తాగిన రక్తం ముద్దకు తగిలి వెనక్కి వస్తుంది, క్రిముల్ని వెంటబెట్టుకుని. కడుపులోకి చుక్క దిగదు కాబట్టి పురుగుకు ఆకలి తీరదు. కుట్టిందే కుడుతుంది, కుట్టిన ప్రతిసారీ గాయంలోకి క్రిముల్ని కక్కుతుంది. చివరికి ఆకలితోనే చస్తుంది. 1914లో బేకాట్, మార్టిన్ అనే ఇద్దరు ఇంగ్లండులో ఈ గుట్టు విప్పారు. ఈ అడ్డు పడటం మరీ వేడిలో సరిగ్గా జరగదు, 27, 28 డిగ్రీలు దాటితే బలహీనపడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మన దేశం సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక కాలం లెక్క. ఓ ఇంటి చూరులోనో గోదాములోనో ఉన్న ఎలుకల గుంపులోకి క్రిమి దిగితే, ఆ గుంపు దాదాపు తుడిచిపెట్టుకు పోవడానికి పది నుంచి పధ్నాలుగు రోజులు పడుతుంది. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే ఫ్లీలు దిగిపోతాయి. వేరే ఎలుక దొరికితే దాని మీదికి ఎక్కుతాయి, దొరక్కపోతే రెండు మూడు రోజులు పస్తుండి మనిషి మీద పడతాయి. కుట్టాక జ్వరం రావడానికి మూడు నుంచి ఐదు రోజులు. గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కడుతుంది. కాలి మీద పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి, అలాంటిదే, కాకపోతే ఇది నిమ్మకాయంత, ఒక్కోసారి కోడిగుడ్డంత అయి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పెడుతుంది. మందు లేకపోతే మరో మూడు నుంచి ఐదు రోజుల్లో సగానికి పైగా చనిపోతారు. అన్నీ కూడితే, క్రిమి ఊళ్ళోకి వచ్చిన రోజు నుంచి మొదటి శవం లేచేదాకా దాదాపు మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. సరుకు దించిన ఓడ ఎప్పుడో లంగరెత్తి మరో రేవుకు పోయి ఉంటుంది. దాన్ని అనుమానించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

ఇక ఎక్కడ పుట్టిందంటారా? చాలాకాలం చైనా అన్నారు, ఇండియా అన్నారు, కాస్పియన్ తీరమన్నారు. 2022లో ఈ గొడవకు గట్టి ఆధారం దొరికింది. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సుకు దగ్గర్లో కారా జిగాచ్ అనే చోట పాత క్రైస్తవ శ్మశానం ఉంది. వర్తకంతో బతికిన చిన్న ఊరు అది. సమాధి రాళ్ళ మీద సిరియాక్ లిపిలో పేర్లు, సంవత్సరాలు చెక్కారు. 1880ల్లోనే రష్యన్లు ఆ రాళ్ళను తవ్వి చదివారు. తేదీలున్న 467 రాళ్ళలో 118 ఒక్క 1338, 1339 సంవత్సరాలవే. ఒక రాయి మీద ఇంతే ఉంటుంది: పులి సంవత్సరం, ఇది సన్మాక్ అనే విశ్వాసి సమాధి, మహమ్మారితో చనిపోయాడు. అక్కడ దొరికిన అస్థిపంజరాల పళ్ళ లోపలి గుజ్జు నుంచి డీఎన్ఏ తీస్తే ప్లేగు క్రిమి బయటపడింది. అదీ మామూలు క్రిమి కాదు, తర్వాత యూరప్‌ను తుడిచిపెట్టిన రకాలన్నిటికీ తల్లిలాంటిది. లండన్‌లో టవర్ దగ్గర ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్‌లో 1348-49 నాటి ప్లేగు గోతుల నుంచి అంతకుముందే, 2011లో, క్రిమి జన్యువు మొత్తం తీశారు కాబట్టి పోల్చడం కుదిరింది. పంటి గుజ్జులోకే ఎందుకు వెళ్ళారంటే, రక్తనాళాలు అక్కడిదాకా ఉంటాయి, పైన గట్టి పెంకు ఉంటుంది. రక్తంలోకి ఎక్కిన క్రిమి ఆనవాలు ఏడు వందల ఏళ్ళయినా అందులో భద్రంగా ఉంటుంది.

ఆ కొండ ప్రాంతాల్లో ఈ క్రిమి సొంత ఇల్లు మార్మట్లు, అంటే బొరియల్లో ఉండే బలిసిన ఉడత జాతి జంతువులు. ఇప్పటికీ అక్కడ మార్మట్లలో ప్లేగు తిరుగుతూనే ఉంది. కారా జిగాచ్ సమాధుల్లో హిందూ మహాసముద్రపు ముత్యాలు, మధ్యధరా సముద్రపు పగడాలు దొరికాయి. ఆ ఊరి వర్తకం ఎంత దూరం అల్లుకుని ఉందో అవి చెబుతాయి.

అక్కడి నుంచి పడమరగా వోల్గా నది దాకా రావడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. 1346 ప్రాంతంలో గోల్డెన్ హోర్డ్ అనే మంగోల్ రాజ్యంలో, సరాయ్, ఆస్త్రాఖాన్ వైపు ఊళ్ళకు ఊళ్ళే చచ్చాయని రష్యన్ వృత్తాంతాలు రాశాయి. ఇక మీరడిగిన కఫా. ఇప్పటి క్రిమియాలో ఫియదోసియా. ఇటలీలోని జెనోవా నగరం వాళ్ళకు అది పెద్ద వర్తక కోట. 1343లో దగ్గర్లోని తానా అనే రేవులో ఒక వెనిస్ వర్తకుడు స్థానిక పెద్దమనిషిని చంపడంతో గొడవ మొదలైంది. గోల్డెన్ హోర్డ్ ఖాన్ జానీ బేగ్ ఇటాలియన్లను వెళ్ళగొట్టి కఫాను ముట్టడించాడు. ముట్టడి సైన్యంలో ప్లేగు దిగింది. అప్పుడు శవాలను రాళ్ళు విసిరే యంత్రాల్లో పెట్టి కోటలోకి విసిరారన్నది కథ.

ఈ కథ రాసింది గాబ్రియేలె దె ముస్సీ అనే ఇటలీ నోటరీ. ఆయన ఉన్నది పియాచెంజాలో, కఫాలో కాదు. చూసి రాసింది కాదు, విని రాసింది. సరే, నిజమే అనుకుందాం. అయినా చల్లబడ్డ శవం మీద ఫ్లీలు ఉండవు. శవాలను ఒట్టి చేతులతో ఈడ్చినవాళ్ళకు చర్మం మీది గాట్ల ద్వారా ప్లేగు అంటే అవకాశం లేకపోలేదు. కానీ కోట గోడ కిందుగా దూరే ఎలుకకు ఎవరి సాయమూ అక్కర్లేదు. అంతకన్నా పెద్ద అభ్యంతరం తేదీలది. కఫా నుంచి పారిపోయిన ఓడలే జబ్బును తెచ్చుంటే 1346లోనే ఇటలీలో చావులు మొదలవ్వాలి. ఇటలీ రేవులు అంటుకున్నది 1347 శరదృతువులో. మధ్యలో ఒక ఏడాది ఏమైపోయింది?

ఆ ఏడాదిలో జరిగింది యుద్ధం కాదు, వర్తకపు నిషేధం. జానీ బేగ్‌తో పేచీ వల్ల వెనిస్, జెనోవా తమ వర్తకుల్ని అటువైపు వెళ్ళొద్దని కట్టడి చేశాయి. నల్ల సముద్రం ఉత్తర తీరం నుంచి ధాన్యం కదలడం ఆగిపోయింది. ఈలోగా ఇటలీలో వరసగా పంటలు దెబ్బతిని 1346, 47ల్లో కరువొచ్చింది. రొట్టె కోసం జనం గోల పెడుతుంటే ఏ నగర పాలకులకైనా టెన్షన్ మొదలవుతుంది. 1347లో రాజీ కుదిరింది, నిషేధం తీసేశారు, ఓడలు ఎగబడి ధాన్యం నింపుకున్నాయి. ఆ ఏడాదే ప్లేగు కూడా సముద్రం దాటింది. ఈ మెలికను 2021లో హన్నా బార్కర్ అనే చరిత్రకారిణి వెనిస్, జెనోవా కాగితాల ఆధారంతో చూపించింది. 1345 ప్రాంతంలో అగ్నిపర్వతం పేలుడు వల్ల వాతావరణం చల్లబడి ఆ కరువు వచ్చిందని చెట్ల వలయాలు చూసి 2025లో మరికొందరు రాశారు. ఆకలి తీర్చడానికి తెచ్చిన గింజల్లోనే చావు వచ్చిందన్నమాట. నాకు ఇందులో బాగా నచ్చేదేమిటంటే, పురుగు నడవడికకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఫ్లీ పిల్లపురుగులు ధాన్యం దుమ్ములో, తవుడులో హాయిగా పెరుగుతాయి. ఎలుక చచ్చినా బస్తాల మధ్య పెద్ద ఫ్లీలు కొన్నాళ్ళు బతుకుతాయి. నల్ల ఎలుక అయితే లంగరు తాళ్ళ మీద తీగ మీద నడిచినట్టు నడిచి ఒడ్డుకు చేరుతుంది.

తర్వాత వరస చూడండి. 1347లో మొదట కాన్‌స్టాంటినోపుల్. అక్కడ చక్రవర్తి జాన్ కాంతకుజెనోస్ చిన్న కొడుకు చనిపోయాడు, తర్వాత ఆ చక్రవర్తే జబ్బు లక్షణాలను వివరంగా రాసిపెట్టాడు. శరదృతువుకు ఈజిప్టులో అలెగ్జాండ్రియా. అక్టోబరులో సిసిలీలో మెస్సీనా, జెనోవా వాళ్ళ 12 తెడ్ల ఓడలతో. ఏడాది చివరికి ఫ్రాన్సులో మార్సేయ్. 1348 మొదట్లో జెనోవా, పీసా, వెనిస్. వేసవికి ఇంగ్లండు దక్షిణ తీరంలో మెల్కం అనే చిన్న రేవు, ఆ ఏడాది శరదృతువులోనే లండన్. 1349లో నార్వేలో బెర్గెన్. అప్పుడు తూర్పుకు తిరిగి, 1352లో రష్యాలో ప్స్కోవ్, 1353లో మాస్కో. అక్కడ రాజు సిమియోన్ పోయాడు. వోల్గా దగ్గర 1346లో మొదలైన జబ్బు మాస్కోకు చేరడానికి యూరప్ అంతా చుట్టి ఏడేళ్ళు తీసుకుంది. దగ్గరి దారిలో గడ్డి మైదానాలున్నాయి, మనుషులు పలచన, ధాన్యం ఓడలు లేవు. మాస్కో తేదీ ఒక్కటి చూసినా చాలు, అది గాలిలో వచ్చింది కాదని, సరుకు దారి పట్టుకుని వచ్చిందని తెలుస్తుంది.

మిలాన్ సంగతి కూడా చెప్పాలి. 1348లో చుట్టుపక్కల నగరాలు కూలిపోతుంటే మిలాన్ చాలావరకు తప్పించుకుంది. జబ్బొచ్చిన మొదటి మూడు ఇళ్ళను మనుషుల్ని లోపలే ఉంచి గోడలు కట్టేశారని, అందుకే బతికిందని సోషల్ మీడియాలో తిరుగుతుంటుంది. అప్పట్లో ఒకరు రాసింది ఉంది, జరిగే ఉండొచ్చు. కానీ మూడు వారాల లెక్క ఇందాక చెప్పాను కదా, మనిషి పడిపోయేసరికి ఎలుకలు ఎప్పుడో పక్కింటికి చేరి ఉంటాయి. మిలాన్ చుట్టూ పచ్చటి పొలాలు, రేవు లేదు, నల్ల సముద్రపు గోధుమల అవసరం అంతగా లేదు. నా ఓటు దీనికే.

ఇక్కడ ఒక పేచీ దాచకుండా చెప్పాలి. ఎలుకలు కుప్పలుగా చచ్చిపడ్డాయని ఆ కాలపు యూరప్ రాతల్లో దాదాపు కనిపించదు. 1896 బొంబాయి ప్లేగులో జనం మొదట చూసింది చచ్చిన ఎలుకల్నే. అందువల్ల కొందరు శాస్త్రవేత్తలు ఎలుకల్ని పక్కనపెట్టి, మనుషుల ఒంటి మీది పేలు, మనుషుల ఫ్లీలే మోశాయంటున్నారు. 2018లో వచ్చిన ఒక గణిత నమూనాలో కొన్ని నగరాల చావుల గీత ఆ లెక్కకే బాగా సరిపోయింది. కొట్టిపారేసే వాదన కాదు. మార్చుకోవడానికి రెండో జత బట్టలు లేని మనుషులు, చలికాలం అంతా ఒకే పక్క మీద ముగ్గురు నలుగురు పడుకునే ఇళ్ళు, చనిపోయినవాడి కోటును మర్నాడే వేసుకునే పేదరికం. పేలకు అంతకన్నా ఏం కావాలి? నా అంచనా ఏమిటంటే, దూరాలు దాటించింది ఎలుక, ఫ్లీ, ధాన్యం. ఇంట్లోకి దిగాక కుటుంబం మొత్తాన్ని చుట్టేయడంలో పేలకూ వాటా ఉంది.

మరో దారి ఊపిరితిత్తులది. ఫ్రాన్సులోని ఆవిన్యోన్‌లో (అప్పట్లో పోప్ ఉన్నది అక్కడే) పోప్ వైద్యుడు గీ ద షోలియాక్ దీన్ని చక్కగా పట్టుకున్నాడు. 1348 మొదట్లో రెండు నెలలు జ్వరం, రక్తం కక్కుకోవడం, మూడు రోజుల్లో చావు. ఆ తర్వాత బిళ్ళలు, ఐదు రోజుల్లో చావు. మొదటిదే మనం ఇప్పుడు ఊపిరితిత్తుల ప్లేగు అనేది. దానికి ఎలుకా అక్కర్లేదు, ఫ్లీ అక్కర్లేదు, దగ్గు చాలు. చలికాలంలో తలుపులు మూసుకున్న గదుల్లో ఎక్కువ. మందు లేకపోతే దాదాపు ఎవరూ బతకరు. కాకపోతే రోగి త్వరగా చనిపోతాడు కాబట్టి దూరం మోసుకెళ్ళలేడు. షోలియాక్‌కూ జబ్బొచ్చింది, బిళ్ళ కట్టింది, బతికి బయటపడ్డాడు. తన పోప్ క్లెమెంట్‌ను రెండు మంటల మధ్య కూర్చోబెట్టాడని అంటారు. మంట చెడ్డ గాలిని శుభ్రం చేస్తుందన్న సిద్ధాంతం తప్పే, కానీ మంటల పక్కన ఫ్లీలు నిలవవు, పోప్‌కు ఏమీ కాలేదు.

పక్షి ముక్కు తొడుగు వేసుకున్న డాక్టర్ల బొమ్మలు పెడుతుంటారు చూడండి, అవి ఈ కాలానివి కావు, 17వ శతాబ్దానివి. పిల్లుల్ని చంపేయడం వల్ల ఎలుకలు పెరిగాయన్న కథకూ ఆధారం లేదు. పిల్లికీ ప్లేగు వస్తుంది, పైగా అది మనిషికి అంటిస్తుంది.

అప్పటి పండితులు ఏమన్నారంటే, పారిస్ వైద్య పీఠం 1348లో రాజుకు ఇచ్చిన నివేదికలో 1345 మార్చి 20న కుంభరాశిలో శని, గురు, కుజ గ్రహాలు కలిసినందువల్ల గాలి చెడిపోయిందని రాసింది. స్పెయిన్‌లోని గ్రనడాలో ఇబ్న్ అల్ ఖతీబ్ అనే వైద్యుడు మాత్రం రోగిని ముట్టుకున్నవాడికి వస్తోంది, దూరంగా ఉన్నవాడికి రావడం లేదు, కళ్ళముందు కనిపిస్తున్నదాన్ని ఎలా కాదంటాం అని వాదించాడు. ఆ రోజుల్లో అలా రాయడానికి గుండె కావాలి. జనం భయంలో రెండు రకాలుగా ప్రవర్తించారు. డమాస్కస్‌లో 1348 వేసవిలో అందరూ మూడు రోజులు ఉపవాసం ఉండి, ముస్లింలు ఖురాన్‌తో, యూదులు తోరాతో, క్రైస్తవులు సువార్తతో, చెప్పుల్లేకుండా ఒకే ఊరేగింపులో నడవడం యాత్రికుడు ఇబ్న్ బతూతా చూశాడు. స్ట్రాస్‌బర్గ్‌లో 1349 ఫిబ్రవరి 14న యూదులు బావుల్లో విషం కలిపారని వందలమందిని తగలబెట్టారు. అప్పటికి ఆ ఊళ్ళో ప్లేగు అడుగు కూడా పెట్టలేదు. యూదులూ అందరిలాగే చస్తున్నారు కదా, ఈ నింద ఎలా నిలుస్తుందని పోప్ క్లెమెంట్ ముందే ఉత్తర్వు పంపాడు. ఎవరూ వినలేదు.

చావుల సంఖ్య మీద ఇంకా పోట్లాట ఉంది. మూడో వంతు నుంచి సగం దాకా అని చాలామంది, 60 శాతం అని ఒకరిద్దరు. నన్నడిగితే యూరప్ మొత్తానికి ఒకే అంకె వెయ్యడమే పొరపాటు. చెరువుల అడుగు మట్టిలో చిక్కిన పుప్పొడిని లెక్కగట్టి 2022లో చూస్తే, ఇటలీ నడిమి భాగంలో, స్వీడన్‌లో పొలాలు బీళ్ళు పడ్డాయి, పోలాండులో అదే ఏళ్ళలో సాగు పెరిగింది. సియెనాలో ఆన్యోలో ది తూరా అనే ఆయన తన ఐదుగురు పిల్లల్ని తన చేతులతోనే పాతిపెట్టానని రాసుకున్నాడు. ఐర్లండులో కిల్‌కెన్నీ సన్యాసి జాన్ క్లిన్, ఎవరైనా బతికి ఉంటే ఈ పని కొనసాగిస్తారని తోలు కాగితాలు ఖాళీగా వదిలిపెట్టాడు. దాని కింద వేరే చేతిరాతలో, రచయిత ఇక్కడ చనిపోయినట్టుంది అని ఒక ముక్క ఉంది.

జబ్బు దారిని కాస్తయినా పట్టుకున్నది రేవుల అధికారులే. 1377లో ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ (అప్పటి పేరు రగూసా) ప్లేగు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు 30 రోజులు బయట ఉండాలని చట్టం చేసింది. తర్వాత మిగతా రేవుల్లో అది 40 రోజులైంది. ఇటలీ భాషలో నలభైని క్వరాంటా అంటారు, క్వారంటైన్ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. 1423లో వెనిస్ ఒక దీవి మీద ప్లేగు ఆసుపత్రి పెట్టింది. వాళ్ళకు క్రిమి తెలియదు, ఫ్లీ తెలియదు. అయినా ఆ గడువు ఎందుకు పనిచేసిందో ఇప్పుడు మనకు తెలుసు. ఓడలోని ఎలుకలు చావడానికి, ఫ్లీలు మనుషులకు మళ్ళడానికి, జ్వరాలు బయటపడటానికి కావలసిన మూడు వారాలు ఆ 30 రోజుల్లో ఇమిడిపోతాయి. మనుషుల్ని ఒక్కరినే లెక్కలోకి తీసుకుంటే వారం రోజులు సరిపోయేవి.

మిగిలింది మన దేశం. ముందు ఒక అనుమానం తీర్చాలి. 1335 ప్రాంతంలో తమిళ దేశంలోని మదురైలో తిరుగుబాటు చేసిన గవర్నరు మీదికి ముహమ్మద్ బిన్ తుగ్లక్ పెద్ద సైన్యంతో బయల్దేరి ఓరుగల్లు దాకా వచ్చాడు. అక్కడ సైన్యంలో మహమ్మారి పుట్టి చాలామంది చచ్చారు, సుల్తానుకే జబ్బు చేసి దౌలతాబాద్‌కు వెనుదిరిగాడు. మరుసటేడు ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును చేజిక్కించుకోవడానికి అదీ కలిసొచ్చింది. ఇదే ఆ ప్లేగు అని కొందరు తెలుగువాళ్ళు ఉత్సాహంగా రాస్తుంటారు. నేను ఒప్పుకోను. చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు అన్న మాట ఎక్కడా లేదు. యూరప్‌లోనూ అరబ్బు దేశాల్లోనూ రాసిన ప్రతివాడూ ముందు చెప్పింది బిళ్ళల గురించే. వానాకాలపు సైనిక శిబిరంలో వేలమందిని ఒక్కసారిగా పడగొట్టడానికి కలరా లాంటి విరేచనాల జబ్బో, మలేరియానో చాలు. ఆ శతాబ్దంలో ప్లేగు మన దేశాన్ని ఊపేసిందనడానికి గట్టి ఆధారం లేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ ప్లేగును మోసిన నల్ల ఎలుక పుట్టిల్లు మన వైపే. రోమన్ల కాలంలో వర్తకంతో పాటు యూరప్ చేరింది, రోమ్ పడిపోయాక అక్కడ దాదాపు కనుమరుగైంది, మధ్యయుగంలో మళ్ళీ వెళ్ళింది. ఎలుక ఉంది, ఫ్లీ ఉంది, మరి క్రిమి ఎందుకు రాలేదు? ఇటలీలాగా మనం నల్ల సముద్రపు ధాన్యం తెప్పించుకోలేదు, ఇక్కడి నుంచే బియ్యం అరబ్బు తీరాలకు వెళ్ళేది. మధ్య ఆసియా నుంచి మనకు నేల మీద వచ్చినవి ఎక్కువగా గుర్రాలు, వాటికి ఎలుకల గుంపును మోసే గుణం లేదు. ఆ మీద మన ఎండలు, ఇందాక చెప్పినట్టు ఫ్లీ కడుపు ముందు ఆ అడ్డును సరిగ్గా పడనివ్వవు. ఇందులో ఏది ఎంత అన్నది తూకం వేసి చెప్పలేం, అన్నీ కలిశాయనే నేననుకుంటాను.

వచ్చినప్పుడు మాత్రం వడ్డీతో వచ్చింది. 1896లో హాంకాంగ్ వైపు నుంచి ఆవిరి ఓడల మీద బొంబాయికి దిగింది. మొదటి కేసులు ఎక్కడ తెలిశాయో చూడండి, మాండ్విలో, రేవు పక్కన ధాన్యం గోదాములుండే పేటలో. తర్వాత ముప్ఫై నలభై ఏళ్ళలో దేశం మొత్తం మీద కోటి మందికి పైగా పోయారు. కానీ మద్రాసు నగరం, కోస్తా జిల్లాలు పంజాబు, బొంబాయి రాష్ట్రాలంత దెబ్బతినలేదు. బళ్ళారి లాంటి మెట్ట ప్రాంతాల్లో ఎక్కువ. కొలంబోలో పనిచేసిన హర్స్ట్ అనే డాక్టరు దీనికి కారణం కనిపెట్టాడు. మద్రాసు, కొలంబో ఎలుకల మీద ఎక్కువగా ఉన్నది చియోపిస్ కాదు, దాని చుట్టం ఆస్టియా అనే రకం. దానికి ప్లేగును మోసే శక్తి తక్కువ. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, మగ పురుగు తోక చివర చిన్న తేడా. మైక్రోస్కోపు కింద ఆ తేడా పట్టడం కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేను మొదట నేర్పిన పని.

హైదరాబాదులో 1911లో వచ్చిన ప్లేగు, దాని తర్వాత నగరంలో ఇరుకు బస్తీలు తీసి కొత్త వీధులు వేయడం వేరే పెద్ద కథ. ఎవరైనా విడిగా అడిగితే రాస్తాను.